కట్టిన పేజీ మన చేతికొస్తుందా?

(కార్యకర్తల శిక్షణ తరగతిలో వెబ్ పేజీ ఎడిటర్ల గురించి చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచీ మీరంతా వొక్కటే అడుగుతున్నారు. "మాస్టారూ, వెబ్ పేజీ చెయ్యటానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? పైసా ఖర్చు కాకూడదు. కోడు రాసే పని వుండకూడదు. పేరు చెప్పండి, ఎక్కించుకొని పోతాం" అని. పేరు చెప్పటం నిమిషం పని. చెబుతాం. కానీ వొకప్పుడు మేమూ ఇట్లాగే పేరొక్కటే పట్టుకొని పోయినవాళ్లం. ఏమైందో ముందు వినండి.

కొన్నేళ్ల కింద మన పత్రికకు వెబ్‌సైటు పెట్టాం. వొక కంపెనీ వాళ్లు ఇంటర్నెట్టులోనే పేజీలు కట్టుకునే వీలు ఉచితంగా ఇస్తున్నారంటే అందులో చేరాం. ఎంత సుఖమనుకున్నారు! మౌసుతో ఫొటో లాగితే అక్కడ కూర్చునేది. హెడ్డింగు రంగు మార్చాలంటే రంగు మీద నొక్కితే సరి. మూడేళ్లపాటు ప్రతి సంచికా అందులో పెట్టాం. వ్యాసాలు పెట్టాం, సభల ఫొటోలు పెట్టాం. మా వాడకు మంచినీళ్ల బావి ఎట్లా వచ్చిందో, దానికోసం ఎవరెవరు ఎన్ని తిప్పలు పడ్డారో వొక ముసలమ్మ పేర్లతో సహా చెబితే, మాలో ఇద్దరు నోటుబుక్కులో రాసుకొచ్చి టైపు చేసి పెట్టారు. వొకరోజు ఆ కంపెనీ ఆ సేవ ఆపేసింది. ముందుగా ఈమెయిలు పంపారట. ఆ ఖాతా తెరిచిన కుర్రాడు ఉద్యోగానికి హైదరాబాదు పోయి రెండేళ్లయింది, ఆ మెయిలు చూసేవాడు లేడు. మేం చూసేసరికి పేజీ లేదు. నోటుబుక్కేదీ అంటే, టైపయిపోయింది గదా అని ఎవరూ దాచలేదు. ఆ ముసలమ్మ అప్పటికే చనిపోయింది.

కంపెనీని తిట్టుకుంటూ కూర్చోవచ్చు. తిట్టాం కూడా. కానీ వాళ్లు మన దగ్గర డబ్బు తీసుకోలేదు, కలకాలం వుంచుతామని మాటా ఇవ్వలేదు. మనమే చేరేముందు వొక్క ప్రశ్న అడగలేదు. ఇందులో కట్టిన పేజీ మన చేతికొస్తుందా? పెన్‌డ్రైవులో వేసుకొని ఇంకోచోటికి పట్టుకుపోగలమా? ఎంత సులువు, ఎంత అందం అని చూశాం. మన చేతికొచ్చేది ఏమిటని చూడలేదు.

ఇది మన వొక్కరికే జరిగిందని అనుకోకండి. జియోసిటీస్ అని వొకటి వుండేది. లక్షలమంది మామూలు మనుషులు తమ మొదటి పేజీ అక్కడే కట్టుకున్నారు. 1999లో యాహూ దాన్ని కొన్నది, 2009 అక్టోబరులో మూసేసింది. ఆ మూసే ముందు కొందరు స్వచ్ఛందంగా రాత్రింబవళ్లు కూర్చొని పేజీల నకళ్లు తీసి దాచారు కాబట్టి కొంతైనా మిగిలింది. గూగుల్ 2006లో పేజ్ క్రియేటర్ అని వొకటి పెట్టింది. రెండేళ్లకే కొత్తవాళ్లను చేర్చుకోవటం మానేసింది. పెద్ద కంపెనీ అయితే గట్టిగా వుంటుందనుకోవటం మన భ్రమ.

ఇక అసలు ఈ విజువల్ ఎడిటర్ అంటే ఏమిటి? కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు మాటలు. వెబ్ పేజీ అంటే లోపల వుండేది వట్టి రాత. అందులో గుర్తులు వుంటాయి. ఇది హెడ్డింగు, ఇది పేరా, ఇక్కడ ఫలానా ఫొటో, దీని మీద నొక్కితే ఫలానా పేజీకి పో అని. ఆ గుర్తుల భాషే హెచ్‌టీఎంఎల్. పాత ప్రెస్సుల్లో మనం రాసిచ్చిన కాగితం మీద ఇది పెద్దక్షరం, ఇది లావు అక్షరం అని గీతలు గీసి కంపోజిటరుకు ఇచ్చేవాళ్లు గదా, అట్లాంటివే. ఆ గుర్తులు చదివి బ్రౌజరు మనకు పేజీ చూపిస్తుంది. విజువల్ ఎడిటరులో మనం గుర్తులు రాయక్కర్లేదు. పేజీ ఎట్లా కనపడాలో అట్లా కళ్లముందే టైపు చేస్తాం, కింద గుర్తులు అదే రాసుకుంటుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి వొకటి చెప్పాలి. 1990లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ మొట్టమొదటి బ్రౌజరు తయారుచేశాడు. అది చదివే యంత్రమూ, రాసే యంత్రమూ కూడా. వొకే కిటికీలో చదవొచ్చు, అక్కడే దిద్దొచ్చు, కొత్తది రాయొచ్చు. అంటే వెబ్బు పుట్టినరోజునే విజువల్ ఎడిటరూ పుట్టింది. తర్వాత ఏమైంది? అది నడిచే నెక్స్ట్ కంప్యూటర్లు కొద్దిమంది దగ్గరే వున్నాయి. మిగతా యంత్రాలకు బ్రౌజర్లు రాసినవాళ్లు చదివే భాగం మాత్రమే రాశారు. రాసే భాగం కష్టమని వదిలేశారు. 1993లో వచ్చి లోకమంతా పాకిన మొజాయిక్ కూడా చదవటానికే. దీన్ని కుట్ర అని మేం అనటం లేదు. కానీ ఫలితం చూడండి! చదవటం అందరికీ, రాయటం కొందరికి. మా ఇళ్లల్లో మొదటిసారి పలక పట్టినవాళ్లం మేము. ఇట్లాంటి పంపకం ఎక్కడ కనపడ్డా మాకు వెంటనే అర్థమవుతుంది.

ఆ రాసే భాగాన్ని తిరిగి అందరికీ ఇవ్వాలని పనిచేసినవాళ్లు లేకపోలేదు. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ, ఫ్రాన్సులోని ఇన్రియా కలిసి 1996 నుంచి అమాయా అనే ఎడిటర్ నడిపారు. 2012లో చివరి వెర్షన్ వచ్చింది, ఆగిపోయింది. నెట్‌స్కేప్ వాళ్లు 1997లో తమ బ్రౌజరుతోపాటు కంపోజర్ అని ఎడిటర్ ఇచ్చారు. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4తో ఫ్రంట్‌పేజ్ ఎక్స్‌ప్రెస్ ఇచ్చింది. మైక్రోసాఫ్ట్‌ది మొదటినుంచీ డబ్బులేకుండా దొరికింది, నెట్‌స్కేప్‌ది తర్వాత ఉచితమైంది. ఈ రెంటి గతీ ఏమైందో జాగ్రత్తగా వినండి, మనం ఎంచుకోవటానికి పనికొచ్చే పాఠం అక్కడుంది.

ఫ్రంట్‌పేజ్ ఎక్స్‌ప్రెస్‌ను కంపెనీ తర్వాత ఇవ్వటం మానేసింది. కథ అయిపోయింది. దాని లోపలి కోడు ఎవరి దగ్గరా లేదు, బాగుచేసే దిక్కు లేదు. కంపోజర్ సంగతి వేరు. నెట్‌స్కేప్ పోటీలో వోడిపోతూ 1998 మార్చిలో తన కోడు లోకానికి విప్పి పెట్టింది. ఎవరైనా తీసుకోండి, మార్చుకోండి, పంచుకోండి అన్నది. 2003లో ఆ కంపెనీ బ్రౌజరు పనివాళ్లను ఇంటికి పంపేశారు. కానీ కోడు చావలేదు. ఫ్రాన్సుకు చెందిన డేనియల్ గ్లాజ్‌మన్ దాన్ని తీసుకొని ఎన్‌వ్యూ చేశాడు. 2005లో దాని 1.0 వచ్చింది. అతను ఆపాక ఫాబియన్ కాజెనావ్ దాని తప్పులు దిద్ది కొంపోజర్ అని వేరే పేరుతో నడిపాడు. పేరు వినటానికి పాతదే, మొదటి అక్షరం ఇంగ్లీషులో 'కె'. 2010 తర్వాత అదీ నిలిచిపోయింది. గ్లాజ్‌మన్ మళ్లీ 2011లో బ్లూగ్రిఫన్ తెచ్చాడు, అదీ ఆగింది. ఇంకోవైపు స్వచ్ఛంద కార్యకర్తలు 2005లో సీమంకీ అని మొదలుపెట్టి, పాత కంపోజర్‌ను అందులోనే కాపాడుకుంటూ వచ్చారు. అది ఇవాళ్టికీ దొరుకుతుంది.

చూశారా? అన్నీ చచ్చినయ్యే. ఏ ఎడిటరూ శాశ్వతం కాదు. కానీ కోడు విప్పి వున్న ఎడిటర్ చచ్చినా ఇంకొకళ్లు ఎత్తుకుంటారు. అంతకంటే ముఖ్యం, 1998లో కంపోజర్‌తో కట్టిన పేజీ ఫైలు ఇవాళ ఏ బ్రౌజరులోనైనా తెరుచుకుంటుంది. ఎడిటర్ పోయింది, పేజీ వుంది. మన సైటు సంగతి తిరగబడింది. ఎడిటర్ పోయింది, దాంతోపాటే పేజీ పోయింది.

అందుకే 'ఫ్రీ' అనే మాట దగ్గర కొంచెం ఆగుదాం. ఇంగ్లీషువాళ్లకు వొకే మాటతో రెండు అర్థాలు, పాపం తికమకపడతారు. మనకు రెండు మాటలున్నాయి. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. దొరగారు పండక్కి పెట్టే భోజనం ఉచితం. పొలం మన పేరున వుంటే స్వేచ్ఛ. 2012 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్రెషన్ వెబ్ 4ను ఉచితంగా వదిలింది. ఎందుకు? ఇకమీదట దాన్ని బాగుచేసేది లేదని నిర్ణయించుకొని వదిలింది. మంచి ఎడిటరే, కాదనం. కానీ వదిలించుకోవటానికి ఇచ్చింది అది.

ఇక ఎట్లా పరీక్ష చెయ్యాలో చెబుతాం. ఏ ఎడిటర్ అయినా సరే, అందులో ముందు పది లైన్లు తెలుగు టైపు చెయ్యండి. తేలిక మాటలు కాదు, వొత్తులున్నవి. స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న. 'సాఫ్ట్‌వేర్' అని కూడా కొట్టండి. ఇందులో 'ట్' తర్వాత కంటికి కనపడని వొక అక్షరం వుంటుంది, అది 'వే'ను కిందకు దిగిపోకుండా ఆపుతుంది. కొన్ని ఎడిటర్లు దాన్ని చెత్త అనుకొని తీసేస్తాయి. అప్పుడు 'వ' కాస్తా వొత్తయి 'ట' కాళ్లకింద చేరుతుంది. తర్వాత వొక ఫొటో పెట్టండి. సేవ్ చెయ్యండి. ఆ ఫోల్డరంతా పెన్‌డ్రైవులో వేసి, ఇంటర్నెట్టు తీసేసిన వేరే కంప్యూటరులో తెరవండి. ఫోనులోనూ చూడండి. చివరగా అదే ఫైలును నోట్‌ప్యాడులో తెరవండి. అక్కడ గుర్తుల మధ్య మీ తెలుగు తెలుగులాగే చదవటానికి వస్తే ఆ పేజీ మీ చేతిలో వున్నట్టు. ఎడిటర్ సేవ్ చెయ్యనివ్వకపోతే, లేదా దాని సొంత ముద్దలోనే పేజీని దాచుకుంటుంటే, ఎంత అందంగా వున్నా అక్కడ మన సరుకు పెట్టొద్దు.

తెలుగు దగ్గర ఇంకో చిక్కు వుంది. మన కరపత్రాలన్నీ ఏళ్ల తరబడి పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినవి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు తెలుగు బొమ్మలు తొడిగినవి. పేజ్‌మేకర్లో తెలుగే కనపడుతుంది. అక్కడ కాపీ చేసి ఎడిటరులో పేస్టు చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. అది ఎడిటర్ తప్పు కాదు, లోపల తెలుగు అసలు లేదు. తొంభైలలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లదీ ఇదే గొడవ, ఏ పత్రికకు ఆ పత్రిక సొంత ఫాంటు దించుకుంటేగానీ చదవలేకపోయేవాళ్లం. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు వచ్చింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక మామూలు కంప్యూటర్లలో కనపడటం మొదలైంది. కాబట్టి పాత సంచికలను ముందు యూనికోడుకు మార్చి, తప్పులు దిద్ది, తర్వాతే పేజీలో పెట్టాలి. ఎడిటర్ సెట్టింగుల్లో క్యారెక్టర్ ఎన్‌కోడింగు యూటీఎఫ్-8 అని వుండాలి. పాత కంపోజర్‌లో వేరేది వుంటే మన అక్షరాలన్నిటినీ అంకెలుగా మార్చి దాచుకుంటుంది. బ్రౌజరులో బాగానే కనపడుతుంది, నోట్‌ప్యాడులో మాత్రం లెక్కల పుస్తకంలాగా వుంటుంది.

ఇదంతా ఎందుకు, కరపత్రాన్ని ఫొటో తీసి పెడితే పోలా అన్నాడు వొక తమ్ముడు. పోదు. ఫొటోలో మాట వెతకటానికి దొరకదు. అదే యూనికోడు రాత అయితే ఫోను పైకి చదివి వినిపిస్తుంది. కళ్లు లేనివాళ్లు వాడే ఎన్‌వీడీఏ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు తెలుగు చదువుతాయి. మా అమ్మకు అక్షరం రాదు. మన పత్రిక పేజీని ఫోను చదివితే గోడకు ఆనుకొని కూర్చొని విన్నది. గొంతు మరీ మర గొంతు, ఆమెకు నచ్చలేదు, అది వేరే సంగతి.

మేం చేసిన తప్పులు కొన్ని వున్నాయి, మీకు తప్పుతాయని చెబుతున్నాం. మొదటి పేజీలో సభ ఫొటోలు ఆరు పెట్టాం. మా కంప్యూటరులో బ్రహ్మాండంగా వున్నాయి. గర్వంగా అందరికీ ఫోన్లు చేశాం. వొక్కళ్లకూ ఫొటో కనపడలేదు, ఖాళీ డబ్బాలు కనపడ్డాయి. ఎందుకంటే ఎడిటర్ 'సి డ్రైవులో ఫలానా ఫోల్డరులో ఫొటో వుంది, తీసుకో' అని రాసుకుంది. ఆ సి డ్రైవు మన బల్ల మీద వుంది, వూళ్లోవాళ్ల దగ్గర లేదు గదా! ఫొటోలను పేజీ వున్న ఫోల్డరులోనే వుంచి, ఫొటో పెట్టే పెట్టెలో దారి పేజీని బట్టి వుండేట్టు టిక్కు కొట్టాలి. ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టాలి. మన విండోసుకు చిన్నబడీ పెద్దబడీ వొకటే, బయట సర్వర్లు ఎక్కువగా లైనక్సువి, వాటికి రెండూ వేరు.

ఇంకొకటి. ఫోను కెమెరా ఫొటో నాలుగైదు ఎంబీలు వుంటుంది. ఎడిటరులో మూల పట్టుకొని లాగి చిన్నది చేస్తే కంటికి చిన్నదవుతుంది, బరువు తగ్గదు. వూళ్లో సిగ్నలు రెండు గీతలుంటే ఆ పేజీ తెరుచుకునేలోపు చూసేవాడు విసిగి వెళ్లిపోతాడు. ముందే వేరే సాఫ్ట్‌వేరులో తగ్గించి అప్పుడు పెట్టాలి. వర్డులోంచి పేస్టు చేసేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, వి నొక్కండి, రాత వొక్కటే వస్తుంది. మామూలుగా పేస్టు చేస్తే వర్డు చెత్తంతా వెంట వస్తుంది. లైన్ల మధ్య ఎడం కొంచెం ఎక్కువ పెట్టండి. రెడీమేడు డిజైన్లు ఇంగ్లీషును చూసి కొలతపెట్టినవి, వాటిల్లో మన వొత్తులు కింది లైను గుడులను గుద్దుకుంటాయి.

సరే, పేర్లు. కొత్తగా నేర్చుకునేవాళ్లు సీమంకీలోని కంపోజర్‌తో మొదలుపెట్టండి. పాత యంత్రాల మీదా నడుస్తుంది. దాని అడుగున నాలుగు తొడుగులుంటాయి. వొకటి మామూలు, రెండోది పేజీ మీదే పసుపు బిళ్లల్లో గుర్తులు చూపించేది, మూడోది అసలు కోడు, నాలుగోది పేజీ తయారయ్యాక ఎట్లా వుంటుందో చూపేది. మేం ఆ రెండో తొడుగుతోనే పిల్లలకు హెచ్‌టీఎంఎల్ నేర్పాం. పలక మీద అక్షరం పెట్టి దిద్దించినట్టే. కోడు రానక్కర్లేదని ఎడిటర్ తెచ్చుకున్నాం గదా అని ఆ మూడో తొడుగు ఎప్పటికీ తెరవకుండా వుండొద్దు. రోజుకు వొకసారి చూడండి. దీని లోపం, ఇది పాత కాలపు పద్ధతిలో పేజీ కడుతుంది. ఫోనులో అక్షరాలు చీమల్లా కనపడతాయి. వ్యూపోర్ట్ అనే వొక్క లైను కోడులో చేర్చుకుంటే సర్దుకుంటుంది, ఆ లైను ఇక్కడ బోర్డు మీద రాసి వుంచాం. వెడల్పు అంకెలతో బిగించిన టేబుళ్ల జోలికి మాత్రం పోకండి.

పత్రికలాగా సంచిక మీద సంచిక పెట్టేవాళ్లకు పబ్లీ అని వుంది. కోడు విప్పి వున్నదే, మన కంప్యూటరులోనే నడుస్తుంది. వర్డులో రాసినట్టు రాస్తాం. విషయసూచిక, పాత సంచికల జాబితా అదే కట్టుకొని, మొత్తం సైటును మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా మన చేతిలో పెడుతుంది. మన పత్రికకు మేం ఇప్పుడు వాడుతున్నది ఇదే. చిక్కు ఏమిటంటే సైటంతా వొకే కంప్యూటరులో వుంటుంది. ఇద్దరు రెండు వూళ్లల్లో కూర్చొని చెయ్యటం కుదరదు. అందుకని నెలకు వొకసారి బ్యాకప్ తీసి మూడు పెన్‌డ్రైవుల్లో మూడు ఇళ్లల్లో పెడుతున్నాం.

"మాస్టారూ, మాకు కంప్యూటరు ఎక్కడిది, ఫోనులో చెయ్యలేమా?" అని వొక చెల్లెలు అడిగింది. సరైన ప్రశ్న. వర్డ్‌ప్రెస్ వుంది. 2003 నుంచి నడుస్తున్నది, కోడు విప్పి వుంది, 2018లో వచ్చిన బ్లాక్ ఎడిటరుతో పేజీ కళ్లముందే కట్టుకోవచ్చు, ఫోనులోనూ చెయ్యొచ్చు. పదిమంది పదిచోట్ల నుంచి రాయొచ్చు. కానీ దానికి సర్వరు కావాలి, డేటాబేసు కావాలి, ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్ ఎక్కించే మనిషి కావాలి. వదిలేస్తే దొంగలు పడతారు. వాళ్లే నడిపే ఉచిత చోటులో పెట్టుకుంటే ఆ బాధ వుండదు, మన వ్యాసం పక్కన వాళ్ల ప్రకటనలు వస్తాయి. ఎగుమతి చేసుకునే వీలు వుంది, రాతంతా వొక ఫైలుగా వస్తుంది. ఫొటోలు విడిగా దాచుకోవాలి. ఈ పని చూసే మనిషి మీ దగ్గర వుంటే వర్డ్‌ప్రెస్ పెట్టుకోండి, లేకపోతే వద్దు.

ఇప్పుడు నోటితో చెబితే పేజీ కట్టిచ్చే కృత్రిమ మేధ యంత్రాలూ వచ్చాయి. వాటికీ ఇదే పరీక్ష. ఫైలు ఇస్తే తీసుకోండి, నోట్‌ప్యాడులో తెరిచి చూడండి.

చాయ్ వచ్చింది, తాగండి. తాగాక ఇద్దరిద్దరుగా కంప్యూటర్ల దగ్గర కూర్చోండి. యంత్రాలు ఆరే వున్నాయి, రెండిట్లో కీబోర్డు మీద తెలుగు అక్షరాలు అంటించాం, రానివాళ్లు వాటి దగ్గరికి పొండి. ఆ బావి సంగతి ముసలమ్మ నోట విన్నవాళ్లు ఈ గదిలో ముగ్గురున్నారు. వాళ్లు గుర్తున్నంతవరకు చెబుతారు, మీరు టైపు చెయ్యండి. పేరు దగ్గర అనుమానం వస్తే ఖాళీ వదలండి, వాడకు పోయి అడిగి నింపుదాం. ఐదింటికి కరెంటు పోతుంది, మధ్యమధ్యలో సేవ్ చేస్తూ వుండండి.